పాత ప్రాజెక్టులో టైప్ చెకింగ్ ఎంత గట్టిగా పెట్టాలి?

పలాస_పిక్క:
జీడి ఫ్యాక్టరీల లెక్కల సాఫ్ట్‌వేర్. పిక్కల కొనుగోలు, కూలి, గ్రేడ్ల వారీగా పప్పు నిల్వ. జావాస్క్రిప్ట్‌లో ఉన్నదాన్ని టైప్‌స్క్రిప్ట్‌కి (ప్రతి విలువ ఏ రకమో, అంటే దాని టైప్, ముందే తనిఖీ చేసే జావాస్క్రిప్ట్) మార్చాం. టీఎస్‌కాన్ఫిగ్ అనే సెట్టింగుల ఫైల్‌లో స్ట్రిక్ట్ (గట్టి తనిఖీ) ఆన్ చేస్తే వెయ్యికి పైగా ఎర్రర్లు. పనిచేసేది ఇద్దరమే. అన్నీ దిద్దాకే ముందుకెళ్లాలా, స్ట్రిక్ట్ మానేయాలా?

కోటజంక్షన్:
స్ట్రిక్ట్ ఒక్క స్విచ్ కాదండీ, చాలా తనిఖీల మూట. మూట విప్పి ఒక్కోటే ఆన్ చేయండి. స్ట్రిక్ట్‌బైండ్‌కాల్‌అప్లై, నోఇంప్లిసిట్‌దిస్ లాంటివి మామూలుగా త్వరగా తేలిపోతాయి. తర్వాత నోఇంప్లిసిట్‌ఎనీ, అంటే టైప్ రాయని చోట దాన్ని ‘ఎనీ’ (ఏదైనా సరే) అని వదిలేయనివ్వనిది. చివర్లో స్ట్రిక్ట్‌నల్‌చెక్స్, అంటే విలువ లేకుండా పోయే చోట్లని (నల్, అన్‌డిఫైన్డ్) పట్టుకునేది. స్ట్రిక్ట్‌ప్రాపర్టీఇనిషియలైజేషన్ అది లేనిదే నడవదు కాబట్టి దాని వెనకే.

అసలు బగ్గులు దొరికేది నల్‌చెక్స్‌లోనే. అరేలో ఫైండ్‌తో వెతికిన రైతు దొరక్కపోతే వచ్చేది అన్‌డిఫైన్డ్. ఈ తనిఖీ లేకపోతే కంపైలర్ (టైప్‌స్క్రిప్ట్‌ని చెక్ చేసి జావాస్క్రిప్ట్‌గా మార్చేది) నోరెత్తదు. ఎర్రర్ పోవాలని ప్రతిచోటా ‘ఇది ఖాళీ కాదు’ అని చెప్పే ఆశ్చర్యార్థకం (!) తగిలించారో, పడ్డ కష్టమంతా వృథా. జావాస్క్రిప్ట్‌గా మారేసరికి ఆ గుర్తు మాయం, తనిఖీ ఏదీ మిగలదు.

ఇప్పుడు దిద్దలేని లైన్ పైన ఎర్రర్‌ని దాచే టీఎస్-ఇగ్నోర్ కామెంట్ వద్దు, టీఎస్-ఎక్స్‌పెక్ట్-ఎర్రర్ పెట్టండి. టైప్‌స్క్రిప్ట్ 3.9 వెర్షన్ నుంచి ఉంది. కింద తప్పు దిద్దిన రోజున అదే ఎర్రరై కూర్చుంటుంది, తీసేదాకా బిల్డ్ కానివ్వదు.

పలాస_పిక్క:
కొనుగోలు ఫోల్డర్ ఒక్కటే స్ట్రిక్ట్ చేయొచ్చా?

రాజాం_టైప్:
పైథాన్‌లో టైపులు చెక్ చేసే మైపై అయితే మాడ్యూల్ వారీగా సెట్టింగులు ఇచ్చేయొచ్చు. ఇక్కడ అంత తేలిక కాదు. ఫోల్డర్‌కి వేరే టీఎస్‌కాన్ఫిగ్ రాసినా, అది ఇంపోర్ట్ చేసుకున్న పాత టైప్‌స్క్రిప్ట్ ఫైళ్లను కూడా అదే గట్టితనంతో చెక్ చేస్తుంది. ప్రాజెక్ట్ రిఫరెన్సులతో (దేని టీఎస్‌కాన్ఫిగ్ దానికున్న చిన్న ప్రాజెక్టులుగా) విడగొడితే ఆ బాధ ఉండదు గానీ ఇంకో చిక్కు ఉంది: నల్‌చెక్స్ లేని వైపు కంపైలర్ తానే ఊహించి రాసే డిక్లరేషన్‌లో (అవతలి వైపు చూసే టైపుల ఫైల్) నల్ ఊసుండదు. స్ట్రింగ్ అని రాసుంటుంది, చేతికొచ్చేది నల్. అందుకని అటు నుంచి ఇటు వచ్చే ఫంక్షన్లకి రిటర్న్ టైప్ మీరే రాయండి, నల్‌తో సహా.

కోటజంక్షన్:
ఇంకోటి. జేసన్ రాతని డేటాగా మార్చే జేసన్‌పార్స్ ఇచ్చేది ఎనీ. నోఇంప్లిసిట్‌ఎనీ దాన్ని పట్టుకోదు, ఎందుకంటే అది బాహాటంగా రాసిన ఎనీ. సర్వర్ నుంచి వచ్చినదాన్ని అన్‌నోన్‌గా (ఏమిటో తేల్చుకునేదాకా వాడనివ్వని టైప్) తీసుకుని, జాడ్ లాంటి లైబ్రరీతో పరీక్షించాకే లోపలికి రానివ్వండి.

రాజాం_టైప్:
మీ లెక్కల్లో నాకు భయమేసేది నల్ కాదు, బస్తా. మీ దగ్గర పిక్కల బస్తా 80 కిలోలు కదా? బస్తాలూ కిలోలూ రెండూ నంబరే, కాబట్టి ఎంత స్ట్రిక్ట్ పెట్టినా ఒకదాని చోట ఇంకోటి వెళ్లిపోతుంది, బిల్లు 80 రెట్లు తప్పుతుంది. నంబర్‌కి ఒక గుర్తు జోడించి కిలో, బస్తా అని రెండు బ్రాండెడ్ టైపులు చేయండి. అప్పటికీ రెంటినీ కూడితే ఏమీ అనదు, కూడితే వచ్చేది ఉత్త నంబర్. దాన్ని కిలో అడిగే ఫంక్షన్‌కి ఇవ్వబోతేనే ఆపుతుంది. ఎనభైతో గుణించే పని ఒకే ఫంక్షన్‌లో ఉంచండి.