చర్చి తరఫున పేద పిల్లలకు మిషన్ బడి ఫీజు కట్టాలంటే ఎంతమందిని తీసుకోవాలె?

కొండమల్లేపల్లి యువజన కమిటీ

అందరికీ వందనాలు. మా సంఘంలో 30 కుటుంబాలు నెలకు 500 చొప్పున ఇస్తమని మాటిచ్చినయి. ఏడాదికి 1,80,000 అయితది. చుట్టుపక్కల తండాల పిల్లలను, వాడల పిల్లలను ఐదో తరగతి నుంచి మిషన్ ఇంగ్లీష్ మీడియం బడిల చదివియ్యాలనుకుంటున్నం. ఫీజు 14,000 కాబట్టి పన్నెండు మందికి సరిపోతదని లెక్కేసినం. వాళ్లల్ల ముగ్గురు క్రైస్తవ ఇండ్ల పిల్లలు కారు. అమెరికాల ఉన్న మా సంఘస్థుడొకరు కూడా డబ్బు పంపుతనంటున్నడు. ఎంతమందిని తీసుకోవాలె? డబ్బు ఎవరి చేతికియ్యాలె? అమెరికా డబ్బు మా ఖాతాల వేయించుకోవచ్చునా?

పాలమూరు లెక్కలు

అన్నా, పన్నెండు మంది వద్దు, ఐదుగురితో ఆపండి. 14,000 ట్యూషన్ ఫీజు మాత్రమే. దాని మీద బస్సుకు 7,000, పుస్తకాలు, నోటుబుక్కులకు 4,000, రెండు జతల యూనిఫాం, బూట్లకు 2,500, పరీక్ష ఫీజు, డైరీ, ఐడీ కార్డులకు 500 వేసుకోండి. ఒక్కరికి 28,000. ఊరి దూరాన్ని బట్టి బస్సు ఖర్చు మారుతుంది, మిగతావి పెద్దగా తేడా రావు.

ఆ లెక్కన ఆరుగురికి 1,68,000 కదా, సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఏటా పదిశాతం పెరుగుతుందనుకుంటే రెండో ఏడే 1,84,800 కావాలి. ఐదుగురైతే మొదటి ఏడు 1,40,000, రెండో ఏడు 1,54,000, మూడో ఏడు 1,69,400. ఈ మూడేళ్లలో మిగిలిన 76,600ను కదిలించకుండా బ్యాంకులో ఉంచితే తర్వాతి మూడేళ్ల లోటు దాంతోనే పూడుతుంది. ఐదు నుంచి పది వరకు ఆరేళ్లకు మొత్తం 10,80,185 అవుతుంది, మీకు వచ్చేది 10,80,000. మొదటి ఏడు మిగిలిన 40,000 చూసి ఇంకో పిల్లను చేర్చుకుంటే మాత్రం అందరూ ఎనిమిది, తొమ్మిదికి వచ్చేసరికి చేతులెత్తేయాల్సి వస్తుంది. ప్రైవేటు బడిలో అలవాటుపడ్డ పిల్లను తొమ్మిదిలో తీసేయడం కంటే అసలు చేర్చకపోవడమే నయం.

ఇంకోటి, వసూలు జూన్‌లో మొదలుపెట్టకండి. బడి తెరిచేనాటికి మొదటి టర్మ్ ఫీజు, పుస్తకాలు, బట్టలు కలిపి ఐదుగురికి దాదాపు 56,000 కావాలి. ఆ నెల మీకు వచ్చేది 15,000. ఫిబ్రవరి నుంచి మే దాకా నాలుగు నెలలు ముందే జమ చేస్తే 60,000 చేతిలో ఉంటుంది. పత్తి డబ్బు చలికాలంలో వస్తుంది కాబట్టి ఏడాదికి మాటిచ్చిన సొమ్ము ఒకేసారి ఇస్తామనే కుటుంబాలుంటే జనవరిలోనే తీసుకోండి.

డబ్బు తల్లిదండ్రుల చేతికి వద్దు, పాస్టరు గారి సొంత ఖాతాకూ వద్దు. ఇద్దరి సంతకాలుండే ఖాతా తెరిచి, అక్కడి నుంచి నేరుగా బడి ఖాతాకు పంపండి. రసీదు పిల్ల పేరు మీద, అడ్మిషన్ నంబరుతో ఉండాలి. మీ కమిటీ పేరు మీద గంపగుత్తగా రాసిన రసీదుతో ఎవరి బాకీ తీరిందో రుజువు కాదు, టీసీ తీసుకునే రోజున గొడవవుతుంది.

గద్వాల టీచర్

ఫీజు కట్టినా చదువు ఆగేది హాజరు దగ్గరనే. జోగుళాంబ గద్వాల దిక్కు ఆగస్టు, సెప్టెంబరులో సీడు పత్తి క్రాసింగ్ (విత్తనాల కోసం పూలకు చేతితోని పుప్పొడి అద్దుడు) పనికి పిల్లలను తీసుకపోతరు. తర్వాత పత్తి ఏరుడు ఉంటది. దేవరకొండ, పాలమూరు తండాలల్ల తల్లిదండ్రులు వలసపోతే పిల్ల కూడా వెంట పోతది. అందుకే పిల్లను ఎంపిక చేసేటప్పుడు మార్కుల కంటే ముందు ఒక్కటి చూడండి: అమ్మానాయిన పోయినప్పుడు ఇంటికాడ అమ్మమ్మో నానమ్మో ఉంటదా? లేకుంటే ఆ పిల్లకు హాస్టల్ ఉన్న బడి కావాలె, మీ లెక్క మారుతది. ప్రతి నెల హాజరు అంకె బడి నుంచి తీసుకోండి. పది రోజులు రాకపోతే ఎవరన్న ఇంటికి పొయ్యి అడగాలె. డిసెంబరుల అడిగితే అప్పటికే చెయ్యిదాటిపోతది.

తండా పిల్లలకు ఇంట్ల మాట లంబాడీ, తెలుగే రెండో భాష. ఐదుల ఒక్కసారి ఇంగ్లీష్ మీడియంల వేస్తే మొదటి ఆరు నెలలు నోరు తెరవరు. వేసవి సెలవులల్ల వీబీఎస్ (చర్చిల పిల్లలకు పెట్టే సెలవుల బైబిల్ బడి) ఎట్లాగూ పెడతరు గదా, దాని తర్వాత ఇంకో నాలుగు వారాలు చదువుడు, ఎక్కాలు చెప్పిస్తే ఆ పిల్లకు మస్తు ఆసరా.

కాగితాల సంగతి మర్చిపోకండి. బాప్తిస్మం పేరు ఒకటి, ఆధార్ మీద పేరు ఇంకోటి ఉంటది. బడి రిజిస్టరుల, యూడైస్‌ల (బడి పిల్లల వివరాల సర్కారు ఆన్‌లైన్ రికార్డు) ఆధార్ పేరే పడాలె, లేకుంటే పదోతరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) కాడ ఇరుక్కుంటరు. అడ్మిషన్ ఫారంల మతం, కులం గడులు కమిటీ వాళ్లు నింపొద్దు, తల్లిదండ్రులే నింపాలె. ఎస్సీల జాబితా మీద వచ్చిన 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులుగా నమోదైన దళితులు ఎస్సీ కారు, ఇక్కడ బీసీ-సీ (వెనుకబడిన తరగతులల్ల సీ గ్రూపు) అయితరు. లంబాడీలకు ఎస్టీ హోదా మతంతోని పోదు. పెద్దగ ఆలోచించకుండ రాసిన ఒక్క మాట ఆ పిల్లకు ఎన్నో ఏండ్లు అడ్డమొస్తది.

ఐదో తరగతికి గురుకుల ప్రవేశాలు ఉంటయి. మైనారిటీ గురుకులాలల్ల క్రైస్తవ పిల్లలకూ సీట్లున్నయి, చదువు, తిండి అన్నీ ఉచితం. ముందు అందరితోని దరఖాస్తు పెట్టియ్యండి. సీటు రానోళ్లకు, ఇల్లు వదిలి పోలేనోళ్లకు మీ డబ్బు వాడండి.

ట్రస్టు పనులు, నల్లగొండ

అమెరికా ఆయన చేతిలో ఏ పాస్‌పోర్టు ఉందో ముందు అడగండి. భారత పాస్‌పోర్టు ఉండి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరుడైతే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి వాళ్లకిచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల మీద ఉన్న 2010 ఎఫ్‌సీఆర్ఏ చట్టం కింద రిజిస్ట్రేషనో, కేంద్ర హోం శాఖ ముందస్తు అనుమతో లేకుండా మీ కమిటీ ఖాతాలో ఒక్క రూపాయి కూడా వేయించుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న వేరే సంస్థకు పంపించి, వాళ్ల నుంచి మనం తీసుకుందామన్నా కుదరదు. 2020 సవరణ ఆ దారి మూసేసింది. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకైనా ఆ సొమ్ము మొదట ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాకే రావాలి. పేద పిల్లలకు సాయం చేసే అమెరికా క్రైస్తవ సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్ లాంటి పెద్ద సంస్థే 2017లో ఇక్కడ పని ఆపేయాల్సి వచ్చింది, దాని మీద ఆధారపడ్డ పిల్లలకు సాయం ఆగింది. ఐదుగురి చదువును మీ ముప్పై కుటుంబాల సొమ్ము మీదే నిలబెట్టండి.

క్రైస్తవేతర పిల్లల విషయంలో రాజ్యాంగం 28(3) అధికరణ స్పష్టంగా ఉంది. గుర్తింపు ఉన్న బడిలో మతబోధకు, ప్రార్థనకు మైనరు పిల్లల్ని కూర్చోబెట్టాలంటే సంరక్షకుల సమ్మతి కావాలి. తెలుగులో రాసి, చదువురాని వాళ్లకు చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోండి. వద్దంటే ఆ పీరియడ్ లైబ్రరీలో కూర్చోబెట్టమని బడివాళ్లను ముందే అడగండి. చర్చికి రావడాన్ని ఫీజుకు ముడిపెట్టకండి. ఆ ఇల్లు ఆదివారం వచ్చినా రాకున్నా ఫీజు పదో తరగతి దాకా ఆగకూడదు.

పిల్లల ఫోటో, పేరు, ఊరు కలిపి ఫేస్‌బుక్‌లోగాని, చర్చి వాట్సాప్ గ్రూపులోగాని పెట్టొద్దు. ఇచ్చేవాళ్లకు రసీదు, హాజరు, మార్కులు చూపితే చాలు.

కొండమల్లేపల్లి యువజన కమిటీ

మంచిగ అర్థమైంది, వందనాలు. ఐదుగురే. నడుమ ఒకరు మానేస్తే ఆ జాగాల ఇంకొకరిని పెట్టొచ్చునా?

పాలమూరు లెక్కలు

నడి ఏడాదిలో వద్దు. కట్టిన టర్మ్ ఫీజు ఎలాగూ కొత్త పిల్లకు బదిలీ కాదు, పుస్తకాలు, బట్టలు మళ్లీ కొనాలి. మానేసిన పిల్ల కోసం సంక్రాంతి దాకా ప్రయత్నం చేయండి, చాలామంది వెనక్కి వస్తారు. రాకపోతే బడి బాకీ తీర్చి టీసీ ఇప్పించండి, సర్కారు బడిలోనైనా చేరడానికి పనికొస్తుంది. కొత్త పిల్లను జూన్‌లోనే తీసుకోండి.