అప్‌డేట్: ఆ 21 అంకెల సంఖ్య ప్రధాన సంఖ్య కాదు

మా అన్నయ్య కూతురి ప్రాజెక్టు కోసం 2⁶⁷−1, అంటే 147573952589676412927, ప్రధాన సంఖ్యేనా, ఎక్సెల్‌లో కొడితే చివరి ఆరు అంకెలు సున్నాలెందుకు అవుతున్నాయి అని అడిగాను కదా. తేలిపోయింది. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

ప్రధాన సంఖ్య కాదు: 193707721 × 761838257287. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చూడమన్న సలహానే పనిచేసింది, అందులో పూర్ణ సంఖ్య ఎంత పొడవున్నా అంకెలు పోవు. ఎక్సెల్ 15 అంకెలే ఉంచుకుంటుంది, ఆ సున్నాల సంగతి అదీ. సెల్‌ని టెక్స్ట్‌గా మారిస్తే అంకెలన్నీ కనిపిస్తాయి గానీ లెక్కకు పనికిరాదు. అంకెల మొత్తం (109) చూడమన్నది 3, 9 లను కొట్టేయడానికి తప్ప ఉపయోగపడలేదు.

అసలు కిటుకు మలక్‌పేటలో పాప ట్యూషన్ సార్ చెప్పారు. 67 ప్రధాన సంఖ్య కాబట్టి, దీని ప్రధాన కారణాంకం ఏదైనా సరే 134 గుణిజానికి 1 కలిపితే వచ్చేదే అయ్యుండాలట. 135, 269, 403... ఇలా గెంతుకుంటూ పోవడమే. 14,45,580వ గెంతులో 193707721 దొరికింది, అదీ మా పాత ల్యాప్‌టాప్‌లో, చాయ్ చల్లారకముందే. 1903లో అమెరికా గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ కంప్యూటర్ లేకుండానే ఈ రెండు కారణాంకాలను పట్టుకున్నాడంటే మామూలు ఓపిక కాదు. ఇంకో విడ్డూరం, కారణాంకాలేవో తెలియకుండానే ఇది సంయుక్త సంఖ్య అని ఫ్రెంచ్ గణితవేత్త లూకాస్ 1876లోనే తేల్చేశాడు. పాప ప్రాజెక్టులో ఇప్పుడు సగం పేజీలు దాని గురించే.