థైరాయిడ్ వస్తుందని ప్యాకెట్ ఉప్పు మానేసి కల్లుప్పుకి మారడం కరెక్టేనా?

పాలకొల్లు కోడలు:
అందరికీ నమస్కారమండి. మా ఇంట్లో నెల రోజులుగా ఉప్పు గొడవ నడుస్తోంది. మా ఆడపడుచుకి ఈ మధ్య థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ ఎక్కువ వచ్చింది, అంటే థైరాయిడ్ తక్కువ పనిచేస్తోందట, రోజూ పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుంటోంది. సరిగ్గా ఆ వారమే మావయ్యగారి వాట్సాప్‌కి ఒక వీడియో వచ్చింది, ఈ థైరాయిడ్లన్నీ అయోడిన్ ఉప్పు వల్లేనని, మన తాతలు కల్లుప్పు తిని నిక్షేపంగా బతికారని. అంతే, మర్నాటికి ఇంట్లో ఉన్న ప్యాకెట్లు బయటికి పోయాయి, పాతిక కిలోల కల్లుప్పు బస్తా దిగింది. ఇప్పుడు కూరలోకీ అదే, పులుసులోకీ అదే, పెరుగన్నంలోకీ అదే దంచి వేసుకుంటున్నాం.

మావయ్యగారి మాట కాదనే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకూ లేదు. కానీ మా తోటికోడలికి మూడో నెల. మొన్న చూపించుకోవడానికి వెళ్తే డాక్టరమ్మగారు "ఏ ఉప్పు వాడుతున్నారు?" అని అడిగారట, ఇది ఏం చెప్పాలో తెలియక ఊరుకుంది. అప్పటినుంచి నాకు టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

చెరువు గట్టు, భీమవరం:
మీ మావయ్యగారు చేసింది కరెక్టేనమ్మా. మేం ఆరేళ్లుగా కల్లుప్పే వాడుతున్నాం. ఒకటి, నరసాపురం దాటితే సముద్రం, వారంలో నాలుగు రోజులు చేప తినే జనం మనం, మనకి అయోడిన్ తక్కువేమిటి? అయోడిన్ అందక ఆ కొండ ప్రాంతాల వాళ్లకి గొంతు వాచేది, వాళ్లకి పెట్టుకోవాల్సిన రూలు మనకి పెట్టారు. రెండు, ఉప్పు గడ్డ కట్టకుండా అందులో పొటాషియం ఫెర్రోసయనైడ్ కలుపుతారు, పేరులోనే సయనైడ్ ఉంది. మూడు, అయోడిన్ లేని ఉప్పు తినడానికి అమ్మకూడదన్న నిషేధం రూలు చెల్లదని 2011లో సుప్రీంకోర్టే చెప్పింది, చదువుకోండి. అందరి నోట్లోకీ ఒకే మందు బలవంతంగా వేయడం ఏం పద్ధతి? నేను పుట్టి బుద్ధెరిగాక మా ఊళ్లో గొంతు వాచిన మనిషిని చూడలేదు.

ల్యాబ్ బాబాయి:
గట్టుగారూ, మీరు మనసులో ఉన్నది సూటిగా అడిగారు కాబట్టి నేనూ సూటిగానే చెబుతాను. ముప్పై ఏళ్లు ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను.

సముద్రం దగ్గరుంటే అయోడిన్ ఉంటుందన్న మాట ఒకసారి లెక్కేసి చూడండి. లీటరు సముద్రపు నీళ్లలో లవణాలు సుమారు 35 గ్రాములు, అయోడిన్ సుమారు 60 మైక్రోగ్రాములు. ఎండబెట్టేటప్పుడు ఒక్క చుక్క కూడా పోలేదనే అనుకుందాం, అప్పుడు కూడా గ్రాము ఉప్పుకి రెండు మైక్రోగ్రాములు రాదు. నిజానికి మడిలో ఉప్పు పండేలోపు అందులోనూ చాలా వరకు పోతుంది. పెద్దవాళ్లకి రోజుకి కావలసింది 150 మైక్రోగ్రాములు, కడుపుతో ఉన్నవాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 250. పది గ్రాముల కల్లుప్పు తిన్నా ఇరవై కూడా రాదు. అదే ప్యాకెట్ ఉప్పులో మన దగ్గరికి చేరేసరికి కిలోకి 15 మిల్లీగ్రాములకి తగ్గకూడదని నిబంధన, అంటే పది గ్రాముల్లో 150. కల్లుప్పు చినగంజాం నుంచి వచ్చినా నౌపడ నుంచి వచ్చినా దానికి అయోడిన్ కలిపితేనే అయోడిన్ ఉంటుంది. సైంధవ లవణం అని ఖరీదు పెట్టి కొంటున్నారే, దానిదీ ఇదే కథ.

ఇక చేప. మీరు చెరువు రైతు, నాకంటే మీకే బాగా తెలుసు. మనం వారంలో నాలుగు రోజులు తినేది బొచ్చె, శీలావతి. అవి ఎక్కడ పెరిగాయి? కాలవ నీళ్లు పెట్టిన చెరువులో, మీరు కట్టిన తవుడూ చెక్కా తిని. వాటిలోకి అయోడిన్ ఎక్కడి నుంచి వస్తుందండీ? వంజరం, చందువ లాంటి సముద్రపు చేపల్లో ఉంటుంది, నిజమే. భీమవరంలో మధ్యతరగతి ఇంట్లో అవి నెలకి ఎన్నిసార్లు వండుతారో చెప్పండి.

నేల సంగతి కూడా. వరద వచ్చి పోయే నదీ మైదానాల్లో నీటితోపాటు నేలలోని అయోడిన్ కూడా కొట్టుకుపోతుంది, గంగ, బ్రహ్మపుత్ర ప్రాంతాల్లో ఇది ఎప్పుడో తేలిన విషయం. గొంతువాపు కొండవాళ్ల జబ్బు మాత్రమే అనుకున్న కాలం పోయింది.

ఫెర్రోసయనైడ్ అంటారా, అందులో సయనైడ్ ఇనుముతో గట్టిగా కట్టుబడి ఉంటుంది, ఒంట్లో విడివడదు, పైగా కిలోకి 10 మిల్లీగ్రాములు దాటకూడదు. అది ఉప్పు జారుగా ఉండటానికి వేసేది, అయోడిన్‌కీ దానికీ సంబంధం లేదు. రెండింటినీ ముడిపెట్టి భయపెట్టేవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

ఉండి కుర్రాడు:
బాబాయ్, ఒక డౌటు. డెన్మార్క్‌లో 2000లో అయోడిన్ ఉప్పు తప్పనిసరి చేశాక హైపోథైరాయిడ్ కేసులు, అంటే థైరాయిడ్ తక్కువ పనిచేసే కేసులు పెరిగాయని చదివాను. అది అబద్ధమా? గట్టుగారు చెప్పినదాంట్లో కొంతైనా నిజం ఉన్నట్టే కదా.

ల్యాబ్ బాబాయి:
అబద్ధం కాదు తమ్ముడూ, నిజమే. అప్పటిదాకా అయోడిన్ తక్కువగా ఉన్న జనానికి ఒక్కసారి పెంచితే, థైరాయిడ్ మీద సొంత ఒళ్లే దాడిచేసే గుణం ఉన్నవాళ్లలో కొందరికి అది బయటపడుతుంది. దీన్ని దాచాల్సిన పనిలేదు. కానీ ఆ డెన్మార్క్ వాళ్లే ఏళ్ల తరబడి లెక్కలు చూసుకుని 2019లో ఏం చేశారో తెలుసా? ఉప్పులో అయోడిన్ కిలోకి 13 మిల్లీగ్రాముల నుంచి 20కి పెంచారు. తీసేయలేదు. లోటు వల్ల పోయేది దానికంటే ఎక్కువని వాళ్లకి అర్థమైంది.

మన లెక్క చూడు. కిలోకి 30 మిల్లీగ్రాములున్న ఉప్పు రోజుకి పది గ్రాములు తిన్నా 300 మైక్రోగ్రాములు. యూరప్ వాళ్లు పెద్దవాళ్లకి పెట్టుకున్న పైహద్దు 600. ఉప్పు తగ్గించమంటే వందసార్లు తగ్గించమంటాను, రోజుకి 5 గ్రాములు దాటొద్దంటారు, మనం ఆవకాయలూ ఉప్పుచేపలూ కలిపి దాదాపు రెట్టింపు తింటున్నాం. కానీ తగ్గించాల్సింది ఉప్పుని. తినే ఆ కాస్త ఉప్పులో అయోడిన్ ఉండాలి.

చెరువు గట్టు, భీమవరం:
లెక్కలు బాగానే ఉన్నాయి బాబాయిగారూ. కోర్టు సంగతి చెప్పలేదు. గొంతు వాచిన మనిషిని చూడలేదన్నాను, దానికీ జవాబు రాలేదు.

లంక గ్రామం ఆశా:
ఆ జవాబు నేను చెబుతానండీ, ఆశా కార్యకర్తని, రోజూ ఇళ్లకి వెళ్లేదాన్ని.

గొంతు వాచేదాకా రావాలంటే లోటు బాగా ముదరాలి. అంతకుముందే పోయేది లోపల పోతుంది. బిడ్డ మెదడు తయారయ్యేది కడుపులోనే, మొదటి నెలల్లో బిడ్డకి సొంత థైరాయిడ్ పనిచేయదు, తల్లి దగ్గర ఉన్నదే వాడుకోవాలి. అప్పుడు తల్లికి తక్కువైతే పుట్టిన పిల్లాడు చూడ్డానికి బాగానే ఉంటాడు, బడిలో మాత్రం వెనకబడతాడు. "మావాడికి చదువు ఎక్కట్లేదండీ" అంటారు తప్ప ఉప్పు అని ఎవరు అంటారు? అందుకే మీకు కనపడలేదు గట్టుగారూ.

మా దగ్గర ఉప్పు చూసే చిన్న కిట్ ఉంటుంది, అయోడిన్ ఉంటే ఉప్పు నీలంగా మారుతుంది. ఒక ఇంట్లో అమ్మమ్మగారు పొయ్యి పక్కనే మూతలేని జాడీలో ఉప్పు పెట్టుకుంటారు, తడి చేత్తోనే తీస్తారు. అది ప్యాకెట్ ఉప్పే. సాసర్లో చెంచాడు పోసి మందు చుక్క వేస్తే లేత ఊదా, అదీ అక్కడక్కడ. కొత్త ప్యాకెట్ విప్పి వేస్తే క్షణంలో ముదురు నీలం, నేరేడు పండు తిన్న నాలుకలా. కల్లుప్పు దంచి వేస్తే చుక్క పడ్డచోట తడి తప్ప రంగే లేదు. అమ్మమ్మగారు మూడు సాసర్లూ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసుకున్నారు. మర్నాటికి ఉప్పు మూత ఉన్న డబ్బాలోకి మారింది, పొయ్యికి దూరంగా.

2018-19లో దేశమంతా సర్వే చేస్తే సరిపడా అయోడిన్ ఉన్న ఉప్పు వాడే ఇళ్లు నూటికి 76. మన ఆంధ్రాలో 64కి కూడా చేరలేదు. ఉప్పు పండే సముద్రతీర రాష్ట్రాలం, మనమూ తమిళనాడూ అడుగున ఉన్నాం. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. 1956 నుంచి హిమాలయాల్లోని కాంగ్రా లోయలో ఊళ్లకి అయోడిన్ ఉప్పు పంచి, గొంతువాపు తగ్గుతుందని దేశానికి చూపించిన వులిమిరి రామలింగస్వామిగారు మన శ్రీకాకుళంలో పుట్టినాయనే కదండీ.

ల్యాబ్ బాబాయి:
కోర్టు మాట నిజమే గట్టుగారూ, కానీ సగమే చెప్పారు. ఆ రూలు పెట్టే అధికారం పాత ఆహార కల్తీ నిరోధక చట్టం కింద లేదని 2011 జులైలో అన్నారు, అయోడిన్ చెడ్డదని అనలేదు. వెంటనే తీసేయకుండా ఆరు నెలలు కొనసాగనిచ్చారు కూడా. ఈలోగా ఆగస్టులో ఆహార భద్రతా చట్టం కింద కొత్త నిబంధనలు వచ్చాయి, అయోడిన్ లేని ఉప్పుని నేరుగా తినడానికి అమ్మకూడదని అందులోనూ ఉంది. అంతకుముందు 2000లో కేంద్రం నిషేధం ఎత్తేసి, మళ్లీ 2006 మే నుంచి పెట్టింది. ఎత్తేసి చూసి మళ్లీ పెట్టారంటే ఊరికే కాదు.

అమలాపురం నుంచి:
మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. థైరాయిడ్ ఉన్నవాళ్లు క్యాబేజీ, కర్రపెండలం తినకూడదంటారు కదా?

ల్యాబ్ బాబాయి:
అయోడిన్ సరిపడా అందుతుంటే ఉడికించిన క్యాబేజీ ఎప్పుడన్నా తింటే ఏమీ కాదమ్మా. పెండలం కూడా బాగా ఉడికించి తినండి.

పాలకొల్లు కోడలు:
అందరికీ చాలా థాంక్సండీ. మా వీధి ఆశాగారిని అడిగి కిట్ తెప్పించాను. మావయ్యగారి ముందే వేశాం, కల్లుప్పు మీదా, పక్కింటి నుంచి తెచ్చిన ప్యాకెట్ ఉప్పు మీదా. లంక అక్క చెప్పినట్టే వచ్చింది. ఆయన ఏమీ అనలేదు, ఇంకో రెండు రాళ్లు దంచి మళ్లీ వేయమన్నారు. మళ్లీ అంతే.

అత్తయ్యగారు మాత్రం ఒప్పుకోలేదు, ఆవకాయలోకి కల్లుప్పే కావాలన్నారు, మెత్తుప్పు సోలతో కొలిస్తే ఎక్కువ పట్టి ఉప్పగా అయిపోతుందని. ఆ మాట నిజమే కాబట్టి బస్తా పచ్చళ్లకి ఉంచేశాం. కూరల్లోకీ పెరుగన్నంలోకీ ప్యాకెట్ ఉప్పు, మూత డబ్బాలో. తోటికోడలు ఈసారి డాక్టరమ్మగారికి ఏ ఉప్పో చెప్పగలదు. ఆడపడుచు కూడా అడిగింది, మాత్ర వేసుకుంటూ ప్యాకెట్ ఉప్పే తినొచ్చన్నారట.

చెరువు గట్టు, భీమవరం:
బలవంతం విషయంలో నా మాట నాదే, తినేవాడికి చెప్పి ఒప్పించాలి తప్ప అమ్మకం ఆపకూడదు. కానీ మా చిన్నమ్మాయికి పెళ్లయి ఆరు నెలలైంది, ఆ బిడ్డ మెదడు సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. అయోడిన్ కలిపిన కల్లుప్పు దొరుకుతుందా?

లంక గ్రామం ఆశా:
దొరుకుతుందండీ. రాళ్ల రూపంలోనే ఉంటుంది, ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని రాసి ఉందో లేదో, ప్యాక్ చేసిన తేదీ ఎప్పుడో చూసి తీసుకోండి. సంచిలో కొలిచి పోసేది వద్దు. అమ్మాయిగారికి పంపే ముందు ఒక చెంచాడు మీ ఊరి ఆశా దగ్గరికి తీసుకెళ్తే అక్కడే చుక్క వేసి చూపిస్తుంది.