క్లౌడ్ ఫోల్డర్ని బయటి డిస్క్‌లో పెట్టినవాళ్లున్నారా?

గంటస్తంభం: మాది విజయనగరంలో చిన్న ఫోటో స్టూడియో. ల్యాప్‌టాప్‌లో ఉన్నది 256 జీబీ. పైడితల్లమ్మ పండగలో తొలేళ్లు, సిరిమాను రెండు రోజుల ఫోటోలకే సి డ్రైవ్ ఎర్రగీతకొచ్చేసింది. వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్) ఫోల్డర్ని 2 టీబీ పోర్టబుల్ డిస్క్‌లోకి మారుద్దామంటే ఒప్పుకోవడం లేదు.

నాగావళి ఒడ్డు: డిస్క్ ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైళ్లు సర్దే పద్ధతిలో ఉందేమో చూడండి. విండోస్‌లో వన్‌డ్రైవ్‌కి ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతి కావాలి. ఫైళ్లు చెరపకుండా పద్ధతి మార్చే కన్వర్ట్ కమాండ్ ఎక్స్‌ఫ్యాట్ మీద పనిచేయదు, అన్నీ చెరిపి ఫార్మాట్ చేయాల్సిందే. అందులో ఉన్నవి ముందు వేరేచోట దింపుకోండి. తర్వాత వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో ఈ కంప్యూటర్ని ఖాతా నుంచి అన్‌లింక్ చేసి, మళ్లీ లాగిన్ అయ్యేటప్పుడు కొత్త చోటు చూపించాలి.

జీడితోట: పెట్టండి గానీ, నా కథ వినండి. మాది పలాస. తిత్లీ తుపాను తర్వాత (2018) కరెంటు మీద నమ్మకం పోయి డెస్క్‌టాప్ అమ్మేసి ల్యాప్‌టాప్ కొన్నాను. డిస్క్ మాత్రం అడాప్టర్‌తో నడిచే పెద్దది. ఓ సాయంత్రం కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, డిస్క్‌కి లేదు కదా! డిస్క్‌నీ క్లౌడ్‌నీ ఒకేలా ఉంచే సింక్ యాప్ నడుస్తూనే ఉంది. మామూలుగా ఫోల్డర్ కనబడటం లేదని చెప్పి ఆగిపోతుంది. ఆ రోజు ఆగలేదు. నేనే చెరిపేశాననుకుని క్లౌడ్‌లోనూ చెరపడం మొదలెట్టింది. "అన్నయ్యా, పెళ్లి ఫోటోలు ఏవీ?" అని చెల్లి ఫోన్ చేస్తేగానీ నాకు తెలియలేదు. వెబ్‌సైట్‌లో రీసైకిల్ బిన్‌లో దొరికాయి, బతికిపోయాను.

నాగావళి ఒడ్డు: అమ్మో. సొంత ఖాతా అయితే వన్‌డ్రైవ్ బిన్‌లో 30 రోజులే ఉంటాయి, గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లోనూ అంతే. నెల దాటి చూసుకుంటే ఇక అంతే సంగతులు.

కోటబొమ్మాళి కుర్రాడు: నాది వేరే గోల. మధ్యలో పెన్‌డ్రైవ్ పెట్టేసరికి డిస్క్ అక్షరం ఎఫ్ కాస్తా జీ అయిపోయింది, యాప్ పాత చోటే వెతుక్కుంటోంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్ అని అక్షరం ఖాయం చేసేశాక మళ్లీ రాలేదు. అసలు మీకు డిస్క్ ఎందుకు గురూ? పాత ఫోల్డర్ల మీద రైట్ క్లిక్ కొట్టి 'ఫ్రీ అప్ స్పేస్' అంటే ఫైళ్లు క్లౌడ్‌లోనే ఉండి ల్యాప్‌టాప్‌లో చోటు ఖాళీ అవుతుంది, సరిపోదా?

గంటస్తంభం: ఆల్బమ్ డిజైన్ చేసేటప్పుడు ఒక్కో ఫోటో నెట్ నుంచి దిగాలంటే తెల్లారిపోతుంది తమ్ముడూ.

జీడితోట: అయితే యాప్‌ని స్టార్టప్‌లోంచి తీసేయండి. ముందు డిస్క్ తగిలించాలి, తర్వాతే యాప్ తెరవాలి. తీసేటప్పుడు యాప్ మూసి, ఎజెక్ట్ కొట్టాకే కేబుల్ పీకాలి.

గంటస్తంభం: ఫార్మాట్ చేశాను, ఒప్పుకుంది. రాత్రి నుంచీ సింక్ తిరుగుతోంది. మా అసిస్టెంట్ ఛార్జర్ అనుకుని లాగేస్తాడేమోనని కేబుల్‌కి ఎర్ర టేపు చుట్టాను.