బిషప్ అజరయ్య గారి గురించి యూత్ మీటింగ్‌లో ఏం చెప్పాలి?

గుణదల స్వాతి

అందరికీ నమస్తే. మాది విజయవాడ, సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం). వచ్చే ఆదివారం యూత్ మీటింగ్‌లో బిషప్ వి.ఎస్. అజరయ్య గారి మీద మాట్లాడమన్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి, అంటే ఇంగ్లండ్ చర్చి శాఖకి, బిషప్ అయిన మొదటి భారతీయుడని, డోర్నకల్‌లో పెద్ద గుడి కట్టించారని మాత్రం తెలుసు. చదవడం మొదలుపెట్టాక టెన్షన్ పట్టుకుంది. ఆయనకీ గాంధీ గారికీ అసలు పడలేదట. ఈ మాట చెప్పగానే మా గ్రూపులో ఒకతను "అయితే దొరల మనిషే కదా" అన్నాడు. ఆదివారం అదే ప్రశ్న మళ్ళీ వస్తుంది. ఇంకొకటి, తమిళనాడులో పుట్టి డోర్నకల్‌లో ఉన్నాయన మన బెజవాడ వాళ్ళకి ఏమవుతారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

పటమట మాస్టారు

అమ్మా స్వాతీ, నీ రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను, మొదటిది దానివల్లే తేలుతుంది.

మన కృష్ణా జిల్లా పల్లెల్లో సువార్త అజరయ్య గారితో రాలేదు. 1859లో రాఘవాపురం పగోలు వెంకయ్య గారు, మాలపల్లె మనిషి, బెజవాడలో ఉన్న డార్లింగ్ దొర దగ్గర బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత పల్లెకి పల్లె కదిలింది. అజరయ్య గారు పుట్టిందే 1874లో, తిరునెల్వేలి వైపు వెళ్ళాళన్‌విళై అనే ఊళ్ళో. తండ్రి ఆ ఊరి పాదిరి. నాడార్ కుటుంబం. ఒకప్పుడు ఆ కులం వాళ్ళని గుళ్ళోకి రానిచ్చేవాళ్ళు కాదు, ఆ సంగతి మీవాళ్ళకి తప్పకుండా చెప్పు.

తర్వాత డోర్నకల్ డయోసిస్, అంటే ఆ బిషప్ కింద ఉండే ప్రాంతం, పెద్దదై ఈ కృష్ణా, గోదావరి సంఘాలు దానిలో కలిశాయి. అంటే బెజవాడ వాళ్ళకి ఆయన మా బిషప్పే. మా నాయనమ్మది నందిగామ దగ్గర పల్లె. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్ళేది. కూలి దొరకని రోజున కూడా ఆ పిడికెడు ఆగలేదు. ఇంట్లో పిల్లలు ఆకలితో ఉంటే ఇదేం ఇవ్వడం అని నేను చిన్నప్పుడు ఆవిడతో పోట్లాడేవాణ్ణి. "మన పంతులికి మనం పెట్టకపోతే ఎవరు పెడతారురా" అనేది. అజరయ్య గారు ఇంగ్లీషులో 'క్రిస్టియన్ గివింగ్' అని చిన్న పుస్తకం రాశారు. నాకు దానిలో అర్థమైంది మా నాయనమ్మ చెప్పిన మాటే. పేద సంఘమైనా సరే, తన గుడి ఖర్చూ తన బోధకుడి జీతమూ తనే మోయాలి. విదేశం నుంచి వచ్చే డబ్బు మీద బతికే సంఘానికి నడుం నిలబడదు. దొరల మనిషి అలా ఎందుకు రాస్తాడమ్మా?

ఈ ఆలోచన ఆయనకి బిషప్ అయ్యాక వచ్చింది కాదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, వై.ఎమ్.సి.ఏ.లో పనిచేస్తున్నప్పుడే, 1903లో తిరునెల్వేలి వాళ్ళతో ఒక మిషనరీ సొసైటీ పెట్టించారు. మనుషులు భారతీయులే, డబ్బు భారతీయులదే, నడిపేదీ భారతీయులే. ఆ తమిళ పల్లెల చందాలతో నిజాం రాజ్యంలోని మన తెలుగు పల్లెలకి మనుషుల్ని పంపారు. చివరికి పట్నంలో ఉద్యోగం వదిలేసి ఆయనే వచ్చేశారు. 1909లో గురువుగా అభిషేకం, డోర్నకల్‌లో కాపురం. తెలుగు కూడబలుక్కుని నేర్చుకున్నారు.

1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీల మహాసభ గురించి మాత్రం తీరిగ్గా చెప్పు. ప్రపంచం నలుమూలల నుంచి 1,200 మంది దాకా వస్తే అందులో ఆసియా వాళ్ళు 20 మంది కూడా లేరు. ఆ సభలో నిలబడి, మిషనరీలకీ భారతీయ పనివాళ్ళకీ మధ్య ఉన్న దూరం గురించి వాళ్ళ మొహం మీదే మాట్లాడారు. మీ ఆస్తులు బీదలకి పెట్టారు, మీ శరీరాలు కాల్చబడడానికి ఇచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి, అని ముగించారు. కొందరికి చాలా కోపం వచ్చింది. రెండేళ్ళకి, 1912 డిసెంబర్ 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో బిషప్ అయ్యారు. అప్పటికి వయసు ముప్పై ఎనిమిది. దానికి మిషనరీల్లోనూ మనవాళ్ళలోనూ అడ్డుపడినవాళ్ళున్నారు.

ఇక గాంధీ గారి సంగతి. మీ స్నేహితుడు అడిగింది మంచి ప్రశ్న, దాటెయ్యొద్దు. 1935లో అంబేద్కర్ గారు హిందువుగా చావనని ప్రకటించాక, దళితులు ఎటు వెళ్తారన్నది దేశం మొత్తానికీ పెద్ద రాజకీయ ప్రశ్న అయింది. మూకుమ్మడిగా మతం మారడంలో ఆశ చూపించడం ఉందని, మిషన్లు ఆ పని ఆపాలని గాంధీ గారి వాదన. అప్పుడు డోర్నకల్ డయోసిస్‌లో వేలమంది చేరుతున్నారు కాబట్టి విమర్శ ఇటువైపే వచ్చింది. 1936లో జాన్ మాట్ అనే అమెరికన్ మిషనరీ నాయకుడితో మాట్లాడుతూ గాంధీ గారు, మీరు ఆవుకి సువార్త చెప్తారా, అంటరానివాళ్ళలో కొందరు అర్థం చేసుకోవడంలో అంతకన్నా తక్కువ, అన్నారు. అది 'హరిజన్' పత్రికలోనే అచ్చయింది. గాంధీ గారంటే నాకు గౌరవం ఉంది. కానీ ఆ మాట చదివినప్పుడల్లా మా నాయనమ్మ గుర్తొచ్చి గుండె రగులుతుంది. ఆవిడకి అక్షరం రాదు. కానీ ఎవరు తనని మనిషిగా చూశారో, ఎవరు చూడలేదో బాగా తెలుసు.

అజరయ్య గారు పట్టుబట్టింది అక్కడే. పల్లెలో కూలివాడికి కూడా తన దేవుణ్ణి తను ఎంచుకునే బుద్ధీ హక్కూ ఉన్నాయన్నారు. అదే మనిషి క్రైస్తవులకి ప్రత్యేక నియోజకవర్గాలు, అంటే క్రైస్తవులే ఓటేసి క్రైస్తవుల్నే ఎన్నుకునే పద్ధతి, వద్దన్నారు, సంఘం ఓటు బ్యాంకు కాకూడదన్నారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పు.

అరండల్‌పేట

మాస్టారు గారి మాటకి గుంటూరు నుంచి కొంచెం కలుపుతాను. మేం లూథరన్లం, వేరే ప్రొటెస్టెంట్ శాఖ. మా వైపు 1842లో మిషనరీ హెయ్యర్ గారితో మొదలైంది, కాబట్టి అజరయ్య గారు మాకు బిషప్ కాదు. అయినా మా ఇంట్లో ఆయన మాట వినపడేది, సంఘాల ఐక్యత గురించి. 1919లో తరంగంబాడిలో 33 మంది గురువులు కూర్చుని ఒకటవుదామని ప్రకటన చేస్తే, వాళ్ళలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఆ పనిలో ముందున్నవాళ్ళలో అజరయ్య గారొకరు. ఇంగ్లండ్‌లోనో స్కాట్లండ్‌లోనో జరిగిన తగవులు మన మాలపల్లెల్లో ఎందుకు అని ఆ పెద్దల బాధ. చర్చలు పాతికేళ్ళు దాటి సాగాయి. ఆయన 1945 జనవరి 1న డోర్నకల్‌లో పోయారు. ఆ చర్చల ఫలితంగా సంఘాలు కలిసి సీఎస్ఐ మద్రాసులో పుట్టింది 1947 సెప్టెంబర్ 27న. మా లూథరన్లు అప్పుడు కలవలేదు. నాకైతే అది ఇప్పటికీ లోటే.

గుణదల స్వాతి

మాస్టారు గారూ, అరండల్‌పేట అన్నయ్యా, చాలా థ్యాంక్స్ అండి. ఒక్క సందేహం. మారినవాళ్ళలో నిజంగా మార్పు వచ్చిందా, లేక లెక్కలేనా అని కూడా అడుగుతారు. ఏం చెప్పను?

పటమట మాస్టారు

లెక్కలూ ఉన్నాయమ్మా, ఆయన చివరి రోజులకి డయోసిస్‌లో రెండు లక్షల పైచిలుకు మంది. కానీ నువ్వు లెక్క చెప్పకు, పద్ధతి చెప్పు. బాప్తిస్మం తీసుకునేవాళ్ళు తమ తల మీద తామే చెయ్యి పెట్టుకుని "సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ" అనేవాళ్ళు. మొన్నటిదాకా ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషి, నేను కూడా ఒకరికి చెప్పాల్సినవాణ్ణి అని నోటితో అనడం! పల్లెల్లో మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగింటినీ ఆయన దయ్యాలనే అనేవారు. ఎడ్లబండి మీద, సైకిల్ మీద తిరిగి వాటి మీదే మాట్లాడేవారు. కులం సంఘంలోంచి పూర్తిగా పోయిందా అంటే పోలేదు, మాల మాదిగల మధ్య గోడ ఈనాటికీ ఉంది. దాన్ని కూడా దాచకుండా చెప్పు, పిల్లలు నిన్ను నమ్ముతారు.

వీలైతే శనివారం ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని డోర్నకల్ వెళ్ళిరా. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది, ఖమ్మం దాటాక వచ్చే జంక్షనే. కెథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు, పాతికేళ్ళు పట్టింది. చూస్తే గుమ్మటాలు మసీదుని తలపిస్తాయి, స్తంభాలు మన గుడి మండపంలా ఉంటాయి. ఇంగ్లండ్ గుడికి నకలు కట్టించలేదు ఆయన. అక్కడ తీసిన ఫోటోలు మీటింగ్‌లో చూపించు. సమాధి కూడా అక్కడే ఉంది. ఇంకా లోతుగా కావాలంటే సూసన్ బిల్లింగ్టన్ హార్పర్ రాసిన 'ఇన్ ద షాడో ఆఫ్ ద మహాత్మ' చదువు, 2000లో వచ్చింది. గాంధీ గారితో గొడవ వివరంగా ఉంటుంది. పెద్ద పుస్తకం, ఆదివారం లోపు అవ్వదు, ఆ అధ్యాయాలు చాలు.

గుణదల స్వాతి

శనివారం టికెట్లు చేశామండి, నలుగురం వెళ్తున్నాం. ప్రశ్న అడిగినతను కూడా వస్తానన్నాడు.