స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్‌కి కప్పలతో, చేపలతో ఏం పని?

లంకకుర్రోడు:
అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర లంక గ్రామం. మా చెల్లి ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ అయ్యింది, ఒక ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీకి చేరతానంటోంది. ఆయన పేపర్ల లిస్ట్ చూపించింది, ఒకటి కప్పల మీద, ఒకటి అడవి చెట్ల మీద, తర్వాతది జీన్స్ అంట, ఆ తర్వాత చేపలు, ప్రతిదానికీ ఏడెనిమిది మంది పేర్లు, ఈయన పేరు ఎక్కడో మధ్యలో. అన్నిట్లో వేలు పెట్టేవాడికి ఏదైనా పూర్తిగా వచ్చా అని నా డౌటు. నాన్నేమో బ్యాంక్ కోచింగ్‌లో చేర్పించెయ్ అంటున్నారు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

రొయ్యలరాజు:
ఆయ్, ఈ మాట అడిగారంటే మీకు చెరువు లేదన్నమాట. స్టాటిస్టిక్స్ నాకు డిగ్రీలో ఒక్క పేపరు, అదీ అత్తెసరు మార్కులు, అయినా చెప్తా. చెరువులో ఎన్ని రొయ్యలున్నాయో ఎవడికీ కనపడదు కదా, వల విసిరి పడినవాటిని తూచి కిలోకి ఎన్ని తూగితే అది కౌంట్ అంటాం, వలలో పడేదాన్ని బట్టి ఎన్ని బతికున్నాయో అంచనా, దాన్ని బట్టే మేత. మా కుర్రాడు ఎప్పుడూ మేత చల్లే చోటే విసిరేవాడు, వల నిండా పడేవి, అబ్బో సర్వైవల్ బ్రహ్మాండం అనుకుని మేత పెంచుకుంటూ పోయాం. ఒకరోజు మా బావ వచ్చి గట్టు వార రెండు, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లకి దూరంగా రెండు, నడిమధ్య ఒకటి విసిరించాడు. గట్టు వార పడినవి నీరసంగా, గుల్ల మెత్తగా ఉన్నాయి. మధ్యలో నాలుగంటే నాలుగు, మిగతాదంతా నల్ల బురద. అప్పటికి మేత ఖాతా ఎంతైందో అడక్కండి. వల ఎక్కడ వెయ్యాలో, ఎన్నిసార్లు వెయ్యాలో చెప్పేవాడే మీ ప్రొఫెసరు అనుకోండి, కప్పలైనా చెట్లైనా.

మడఅడవి:
రాజు గారు భలే చెప్పారు. కోరింగ మడ అడవుల్లో జంతువుల్ని లెక్కపెట్టడానికి కెమెరాలు పెట్టేవాళ్ళ వెంట కొన్నాళ్ళు తిరిగాను. బావురుపిల్లి (చేపలు పట్టే అడవిపిల్లి) ఒంటి మీద మచ్చలు ఒకదానికున్నట్టు ఇంకోదానికి ఉండవు, అందుకని మళ్ళీ పడ్డది పాతదా కొత్తదా తెలిసిపోద్ది. లెక్క ఎలాగంటే, 200 చేపలకి గుర్తు పెట్టి వదిలేసి, కొన్నాళ్ళకి వలేస్తే 150 పడ్డాయి, అందులో 10కి గుర్తుంది అనుకోండి, అంటే పదిహేనింట్లో ఒకదానికి, కాబట్టి గుర్తు పెట్టిన 200కి పదిహేను రెట్లు, మొత్తం సుమారు 3000. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్‌సెన్ చేపల దగ్గర మొదలెట్టిన దారి ఇది, 1930లో లింకన్ అమెరికాలో బాతులకి వాడాడు, ఇప్పుడు పిల్లులకి. ఒక్క మనిషి లిస్టులో అన్ని జంతువులు అలా చేరతాయి. (రొయ్యలకి మాత్రం కుదరదు రాజు గారూ, పైన పెట్టిన గుర్తు మోల్టింగ్‌లో గుల్లతో పాటే పోద్ది.) ఇంకోటి, కెమెరాలో పడలేదంటే అక్కడ పిల్లి లేదని కాదు, ఉండి కూడా కనపడకపోయి ఉండొచ్చు. ఒకే చోట మళ్ళీ మళ్ళీ చూసి ఆ అవకాశాన్ని విడిగా లెక్కగట్టే పద్ధతిని 2002లో మెకంజీ, ఆయనతో పనిచేసినవాళ్ళు రాశారు, అది బయాలజీ వాళ్ళూ లెక్కల వాళ్ళూ కూర్చుంటేనే అయ్యే పని.

కాకినాడ_లెక్కలమాస్టారు:
స్టాటిస్టిక్స్ అంటే సి.ఆర్.రావు గారి పేరు ఎవరూ ఎత్తలేదేంటి బాబూ! ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి కలకత్తా ఐఎస్ఐకి (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) వెళ్ళిన మనిషి. 1946లో కేంబ్రిడ్జ్ వెళ్ళింది మ్యూజియంలో ఎముకలు కొలవడానికి, సూడాన్‌లో జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికినవి. అక్కడే స్టాటిస్టిక్స్ దిగ్గజం ఫిషర్ దగ్గర 1948లో పీహెచ్‌డీ. 1982లో ఆయన రాసిన క్వాడ్రాటిక్ ఎంట్రపీ అనే వైవిధ్యం కొలిచే లెక్క ఇప్పటికీ ఎకాలజీ వాళ్ళు వాడుతున్నారు. కళ్ళు మూసుకుని అడవిలోంచి రెండు చెట్లు పట్టుకుంటే అవి సగటున ఎంత తేడాగా ఉంటాయి అన్నదే దాని సంగతి. అన్నీ నల్లమడ చెట్లే అయితే సున్నా. నల్లమడ, తెల్లమడ కలిసుంటే కొంచెం, అవి అన్నదమ్ముల్లాంటివి. పక్కన దూరపు చుట్టం ఉప్పుపొన్న కూడా ఉంటే పెరుగుద్ది. ఎన్ని రకాలున్నాయని మాత్రమే లెక్కపెడితే ఈ చుట్టరికం తెలీదు. 2023లో 102 ఏళ్ళకి పోయారు, ఆ ఏడే ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ కూడా వచ్చింది.

థీసిస్_ఎప్పుడో:
బ్రో, పేరు మధ్యలో ఉందని భయపడకు. బయాలజీ పేపర్లలో ఎక్కువ పని చేసినవాడి పేరు ముందు, ల్యాబ్ పెద్ద పేరు చివర ఉంటాయి సాధారణంగా, లెక్కలు చేసినవాడు మధ్యలో ఇరుక్కుంటాడు. చూడాల్సింది వేరే ఉంది, ఆయన సొంత మెథడ్ పేపర్లు, అంటే కొత్త లెక్క పద్ధతుల మీద రాసినవి, ఉన్నాయా, వాటిలో స్టూడెంట్ల పేర్లు ముందున్నాయా అని. నేనొక ల్యాబ్‌కి ఆరు నెలలు అనాలిసిస్ చేసి పెట్టా, పేపర్ వచ్చాక చూస్తే థాంక్స్‌లో కూడా లేను, కనీసం టీ కూడా పొయ్యలేదు. చెల్లిని చేరే ముందే అడిగెయ్యమను, మొహమాటపడితే నాలాగే అవుద్ది.

లంకకుర్రోడు:
థాంక్సండి అందరికీ. ఇప్పుడే చెల్లి, నేను కూర్చుని లిస్ట్ మళ్ళీ చూశాం, మెథడ్ పేపర్లు నాలుగున్నాయి, మూడింట్లో స్టూడెంట్లే ముందు. నాన్న రొయ్యల కథ మాత్రం రెండుసార్లు చదివించుకున్నారు. ఏమీ అనలేదు. బ్యాంక్ కోచింగ్ ఫామ్ ఇంకా బల్ల మీదే ఉంది.