విండోస్ ఎక్కిస్తుండగా కరెంటు పోయింది, ఇప్పుడు డిస్క్ మొత్తం ఖాళీ అంటోంది. డీ డ్రైవ్ దక్కుతుందా?

పర్లాకిమిడి డీటీపీ:

అందరికీ నమస్కారం. షాపు ల్యాప్‌టాప్ ఆగిపోయింది. ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. సీ డ్రైవ్ 200 జీబీ, మిగతాదంతా డీ. బ్యాటరీ ఎప్పుడో పోయింది, ఛార్జర్ మీదే నడుస్తుంది.

బాగా నెమ్మదించిందని పెన్‌డ్రైవ్‌తో విండోస్ 10 మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టాం. సీ డ్రైవ్‌నీ, దాని ముందున్న 500 ఎంబీ ముక్కనీ డిలీట్ చేసి ఆ ఖాళీలోనే ఇన్‌స్టాల్ ఇచ్చాం. ఫైళ్ల కాపీ 43 శాతం దగ్గర ఉండగా కరెంటు పోయింది. తర్వాత ఆన్ చేస్తే బూటబుల్ డివైజ్ లేదంది. బయోస్‌లో లెగసీ (పాత బూట్ పద్ధతి) తీసేసి యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి) పెట్టి మళ్లీ మొదలుపెడితే, ఈ డిస్క్‌లో ఎంబీఆర్ (పాత రకం) పార్టిషన్ టేబుల్, అంటే డిస్క్ భాగాల పట్టిక, ఉంది, జీపీటీ (కొత్త రకం) డిస్క్ మీదే ఎక్కుతుంది అని మెసేజ్ వచ్చింది. ఒక వీడియోలో చెప్పినట్టు ఉన్న పార్టిషన్లన్నీ డిలీట్ కొట్టాం. ఇప్పుడు తెర మీద ఒక్కటే వరుస: డ్రైవ్ 0, అన్‌అలొకేటెడ్ స్పేస్, 931.5 జీబీ. అక్కడే ఆపేశాం, నెక్స్ట్ నొక్కలేదు.

షిఫ్ట్ ఎఫ్10 కొట్టి, డిస్క్‌పార్ట్ అనే విండోస్ కమాండ్‌లో క్లీన్, ఆ తర్వాత కన్వర్ట్ జీపీటీ ఇస్తే ఎక్కేస్తుందని తెలిసినవాళ్లు అంటున్నారు. కానీ డీలో దగ్గర దగ్గర 180 జీబీ ఉంది. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా వేసిన శుభలేఖల పేజ్‌మేకర్ ఫైళ్లు, స్కాన్ చేసిన ఫొటోలు. ఇంకెక్కడా కాపీ లేదు. ఏటి చెయ్యమంటారు? తెలుగు అను ఫాంట్లూ, ఒడియా ఆకృతి ఫాంట్లూ సీలో ఉండేవి, వాటి సంగతి కూడా చెప్పండి.

బరంపురం హార్డ్‌వేర్:

నెక్స్ట్ నొక్కకపోవడం చాలా మంచి పని చేశారు. పవర్ బటన్ పట్టుకుని ల్యాప్‌టాప్ ఆపేయండి, ఆ పెన్‌డ్రైవ్ తీసేయండి. డీ బయటికి వచ్చేదాకా ఆ డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా రాయకూడదు.

ముందు ఏం జరిగిందో చెప్తాను, అప్పుడు కంగారు తగ్గుతుంది. విండోస్ సెటప్‌లో డిలీట్ నొక్కితే పోయేది పార్టిషన్ టేబుల్‌లోని వరుస మాత్రమే. భూమి రికార్డులో పేజీ చించినట్టు, పొలం పొలంలాగే ఉంటుంది. మీ డీ లోపలి ఫైళ్ల జాబితా, ఫైళ్లు, అన్నీ పళ్లెం మీద ఎక్కడివక్కడే ఉన్నాయి. దెబ్బ తిన్నది సీ ఉన్న మొదటి 200 జీబీ. దాన్ని ఫార్మాట్ చేశారు, 43 శాతం వరకు కొత్త ఫైళ్లు దాని మీద పడ్డాయి. మీది హార్డ్ డిస్క్ కావడం అదృష్టం. ఎస్ఎస్‌డీ అయితే డిలీట్, ఫార్మాట్ తర్వాత ట్రిమ్ అనే పని లోపల జరిగిపోయి, వెనక్కి తెచ్చుకునే దారి చాలాసార్లు మూసుకుపోతుంది.

ఇప్పుడు నెక్స్ట్ నొక్కితే ఏమయ్యేదంటే, యూఈఎఫ్ఐలో ఉన్నారు కాబట్టి ఖాళీ డిస్క్‌ని సెటప్ తనే జీపీటీగా మార్చి, 931 జీబీకీ ఒకే సీ వేసి, ఫైళ్లు కుమ్మరించేది. అవి డీ ఉన్నచోట పడతాయో పడవో మన చేతిలో లేదు. డిస్క్‌పార్ట్ సలహా కూడా వినొద్దు. మామూలు క్లీన్ టేబుల్‌ని మాత్రమే తుడుస్తుంది. కానీ దాని పక్కన ‘ఆల్’ అని ఒక్క మాట చేరిందా, డిస్క్ మొత్తం సున్నాలతో నింపేస్తుంది. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఎంబీఆర్ టు జీపీటీ అనే మైక్రోసాఫ్ట్ టూల్ కూడా మీకు పనికిరాదు. దానికి డిస్క్ మీద బతికున్న విండోస్ కావాలి, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉండకూడదు.

హార్డ్ డిస్క్ బయటికి తీయండి. వెనక మూత విప్పితే 2.5 అంగుళాల డిస్క్ ఉంటుంది, దాన్ని కనెక్టర్ వైపు నుంచి పక్కకి జరిపితే వస్తుంది, పైకి లాగితే కనెక్టర్ దెబ్బతింటుంది. యూఎస్‌బీ టు సాటా కేబుల్‌తో బాగా నడిచే వేరే విండోస్ కంప్యూటర్‌కి తగిలించండి. డెస్క్‌టాప్ దొరికితే లోపలి సాటా పోర్టుకే పెట్టండి, అది ఇంకా నిలకడ. పెట్టగానే విండోస్ డిస్క్ ఫార్మాట్ చెయ్యమనో, ఇనీషియలైజ్ (కొత్త డిస్క్‌లా సిద్ధం) చెయ్యమనో అడగొచ్చు. రెండింటికీ క్యాన్సిల్. ఈ ఒక్క చోట అలవాటుగా ఓకే కొట్టి డేటా పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ.

తర్వాత ఆ కంప్యూటర్‌లో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో (డిస్క్ ఆరోగ్యం చూపే సాఫ్ట్‌వేర్) పెట్టి 05, సీ5, సీ6 అనే మూడు వరుసల రా వాల్యూ, అంటే అసలు అంకె, చూడండి. అన్నీ సున్నాలైతే డిస్క్ ఆరోగ్యంగా ఉన్నట్టే, ముందుకు వెళ్లొచ్చు. సీ5లో సున్నా కాకుండా అంకె ఉంటే చదవలేని సెక్టార్లు ఉన్నట్టు. అప్పుడు నేరుగా ఏమీ తీయకుండా, లినక్స్‌లో డీడీరెస్క్యూతో అంతే సైజున్న ఇంకో డిస్క్‌కి నకలు తీసి ఆ నకలు మీద పని చెయ్యాలి. టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే మాత్రం వెంటనే తీసేసి విశాఖలోనో భువనేశ్వర్‌లోనో డేటా రికవరీ ల్యాబ్‌కి ఇవ్వండి. అంకెలు ఇక్కడ పెట్టండి.

పర్లాకిమిడి డీటీపీ:

మీరు చెప్పినట్టే డెస్క్‌టాప్‌కి పెట్టి చూశాం. ఫార్మాట్ ఏమీ చెయ్యలేదు. 05 సున్నా, సీ5 సున్నా, సీ6 సున్నా. పైన నీలం రంగులో గుడ్ అని ఉంది. ఆ డెస్క్‌టాప్ డీలో 400 జీబీ ఖాళీ ఉంది.

గుణుపురం సిస్టమ్స్:

అయితే పోయిన పార్టిషన్లు వెతికే టెస్ట్‌డిస్క్ చాలు, ఉచితంగానే దొరుకుతుంది. డబ్బులడిగే రికవరీ సాఫ్ట్‌వేర్లు ఇక్కడ అక్కర్లేదు. జిప్ ఫైల్ డెస్క్‌టాప్ డిస్క్‌లోనే విప్పండి, టెస్ట్‌డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. నల్ల తెర వస్తుంది, మౌస్ పని చెయ్యదు, బాణం మీటలూ ఎంటరూ మాత్రమే.

మొదట లాగ్ అడుగుతుంది, క్రియేట్ ఇవ్వండి. తర్వాత డిస్కుల జాబితా. ఇక్కడ పేరు కాదు, సైజు చూసి ఎంచుకోండి. మీది 1000 జీబీ లేదా 931 జీఐబీ అని ఉంటుంది. టేబుల్ రకం అడిగినప్పుడు అది దేని మీద నిలబడి ఉన్నా సరే మీరు ఇంటెల్ ఎంచుకోండి, మీ డిస్క్ మొదటి నుంచీ ఎంబీఆరే కదా. తర్వాత ఎనలైజ్, ఆ తర్వాత క్విక్ సెర్చ్.

కాసేపటికి పాత పార్టిషన్లు వరుసగా వస్తాయి. కొత్తగా వేసిన సీ, పాత సీ రెండూ ఒకదాని మీద ఒకటి కనపడొచ్చు, వాటిని వదిలేయండి. 730 జీబీ దరిదాపుల్లో ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫైళ్లు దాచే పద్ధతి) అని ఉన్న వరుస మీద నిలబడి పీ నొక్కండి. మీ ఫోల్డర్ల పేర్లు కనపడితే అదే డీ. కనపడకపోతే క్యూ నొక్కి వెనక్కి వచ్చి, ఎంటర్ కొట్టి డీపర్ సెర్చ్ ఇవ్వండి. అది డిస్క్ మొత్తం చదువుతుంది, గంటల తరబడి పడుతుంది, మధ్యలో ఆపొద్దు.

ఇక్కడ చాలామంది సంతోషంతో రైట్ (Write, అంటే రాయి) నొక్కి టేబుల్ తిరిగి రాసేస్తారు. చాలాసార్లు పని చేస్తుంది కూడా. అయినా నేను ముందు కాపీయే చెయ్యమంటాను. పీ నొక్కి ఫైళ్లు చూస్తున్నంతసేపూ టెస్ట్‌డిస్క్ చదవడమే తప్ప మీ డిస్క్ మీద ఏమీ రాయదు. తప్పు జరగడానికి చోటే లేదు.

ఫైళ్ల జాబితాలో చిన్న ఏ నొక్కితే అన్నీ ఎంపికవుతాయి. పెద్ద సీ, అంటే షిఫ్ట్‌తో సీ, నొక్కితే ఎంపిక చేసినవన్నీ కాపీకి వెళ్తాయి. చిన్న సీ నొక్కితే కర్సర్ ఉన్న ఒక్కటే వెళ్తుంది, ఇది గుర్తుంచుకోండి. ఎక్కడికి అని అడిగినప్పుడు రెండు చుక్కలున్న వరుస మీద ఎంటర్ కొడుతూ పైకి పోతే సిగ్‌డ్రైవ్ అనే చోట సీ, డీ అక్షరాలు కనపడతాయి. డెస్క్‌టాప్ డీలోకి వెళ్లి, ముందే చేసి పెట్టుకున్న ఖాళీ ఫోల్డర్‌లో నిలబడి మళ్లీ సీ నొక్కండి. పొరపాటున అదే పాత డిస్క్‌కి కాపీ చెయ్యొద్దు.

అయ్యాక ఆకుపచ్చ అక్షరాల్లో కాపీ డన్ అని, ఎన్ని ఓకే, ఎన్ని ఫెయిల్డ్ అని అంకెలు వస్తాయి. ఫెయిల్డ్ సున్నా ఉండాలి. తర్వాత క్యూ నొక్కుతూ బయటికి వచ్చేయండి, ఏమీ రాయకుండా. 180 జీబీ మొత్తం వచ్చిందో లేదో ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో చూసి, పాతవీ కొత్తవీ కలిపి ఓ పాతిక ఫైళ్లు నిజంగా తెరిచి చూడండి. పేరు వచ్చినంత మాత్రాన లోపల ఉన్నట్టు కాదు.

రాయగడ మాస్టారు:

డేటా సంగతి పైవాళ్లు చక్కగా చెప్పారు. నేను ల్యాప్‌టాప్ నిలబెట్టడం గురించి చెప్తాను.

అసలు మీకు ఆ ఎంబీఆర్ మెసేజ్ వచ్చింది డిస్క్ పాడై కాదు, మోడ్ మార్చడం వల్ల. మొదట లెగసీలో బూట్ చేశారు, ఇబ్బంది రాలేదు. కరెంటు పోయాక యూఈఎఫ్ఐ పెట్టారు, అది జీపీటీ అడిగింది. తిరిగి లెగసీ పెట్టి ఉంటే అదే ఖాళీలో మళ్లీ ఎక్కేది, డీ జోలికి వెళ్లే పనే ఉండేది కాదు. చాలా ల్యాప్‌టాప్‌లలో బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనపడుతుంది, ఒకటి ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. ఎంబీఆర్ డిస్క్‌కి రెండోదే ఎంచుకోవాలి.

ఇక ఇప్పుడు ఆ పాత హార్డ్ డిస్క్ మీదే విండోస్ ఎక్కించకండి. 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ, 256 జీబీది, కొని అదే చోట బిగించండి. నెమ్మదించడానికి సగం కారణం ఆ హార్డ్ డిస్కే. ర్యామ్ ఇంకో 4 జీబీ వేయండి, కానీ ఆరో తరంలో డీడీఆర్3ఎల్ పడేవీ ఉన్నాయి, డీడీఆర్4 పడేవీ ఉన్నాయి. ఉన్న ర్యామ్ స్టిక్కర్ మీద పీసీ3ఎల్ అనో పీసీ4 అనో ఉంటుంది, అది ఫొటో తీసుకుని దుకాణానికి వెళ్లండి. ఒకదాని బదులు ఇంకోటి పట్టదు.

కొత్త ఎస్ఎస్‌డీ కాబట్టి యూఈఎఫ్ఐలోనే ఉంచి నెక్స్ట్ కొట్టండి, జీపీటీ తనే వేసుకుంటుంది. పాత హార్డ్ డిస్క్ ఆ సమయంలో ల్యాప్‌టాప్‌కి తగిలి ఉండకూడదు. రెండూ ఉంటే బూట్ ఫైళ్లు దాని మీద పెట్టి విండోస్‌ని దీని మీద పెట్టే అలవాటు సెటప్‌కి ఉంది, రేపు ఆ డిస్క్ తీస్తే ల్యాప్‌టాప్ లేవదు.

కరెంటు విషయం. బ్యాటరీ లేని ల్యాప్‌టాప్‌ని నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టి ఇన్‌స్టాల్ చెయ్యడం మన వైపు పనికిరాదు, గాలి వాన వస్తే చాలు లైను ఎగురుతుంది. షాపులో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక ఒక చిన్న స్విచ్ చూడండి, చాలావాటికి నార్మల్, యూపీఎస్ అని ఉంటుంది. యూపీఎస్ వైపు వేస్తే మారే సమయం తగ్గి ల్యాప్‌టాప్ ఆరిపోదు. నార్మల్‌లో ఉంటే ఫ్యాన్‌కి తెలియని ఆ చిన్న విరామం బ్యాటరీ లేని ల్యాప్‌టాప్‌ని ఆపేయగలదు. వీలైతే బ్యాటరీయే మార్చండి.

ఏ విండోస్ అన్నది ఆలోచించి చెయ్యండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14న ఆగిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లకి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు అన్నారు. విండోస్ 11 మైక్రోసాఫ్ట్ లెక్కన దాదాపుగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి, మీది అందులోకి రాదు. లినక్స్‌లో యూనికోడ్ (అన్ని భాషలకీ ఒకే ప్రామాణిక కోడ్లు) తెలుగు, ఒడియా హాయిగా వస్తాయి గానీ మీ బతుకుతెరువు పేజ్‌మేకర్ మీద ఉంది, అది అక్కడ నేరుగా నడవదు. నా మాటైతే దీన్ని విండోస్ 10తో డీటీపీకే ఉంచి ఇంటర్నెట్ తీసేయండి. మెయిలూ, బ్యాంకూ, పేమెంట్లూ వేరే దాంట్లో చూసుకోండి. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు కూడా ముందు ఆ రెండో దాంట్లోనే పెట్టి స్కాన్ చెయ్యండి.

పర్లాకిమిడి డీటీపీ:

డీ మొత్తం వచ్చేసింది మాస్టారూ. ఫెయిల్డ్ సున్నా. ముప్పై ఫైళ్లు తెరిచాం, ఫొటోలన్నీ బాగున్నాయి. శుభలేఖలు మాత్రం తెరిస్తే అక్షరాల బదులు ఇంగ్లీషు గుర్తులు, ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. ఫైల్ పాడైందా?

గుణుపురం సిస్టమ్స్:

పాడవలేదు. అనూ, ఆకృతీ యూనికోడ్ కాని ఫాంట్లు. ఫైల్లో దాచింది మామూలు ఇంగ్లీషు కోడ్లే, వాటికి తెలుగు, ఒడియా బొమ్మ తొడిగేది ఫాంట్. ఆ డెస్క్‌టాప్‌లో ఫాంట్ లేదు కాబట్టి తొడుగు ఊడి కనపడుతోంది. ఫాంట్ దొరకలేదు, వేరేది పెట్టనా అని పేజ్‌మేకర్ అడిగితే ఒప్పుకుని సేవ్ చెయ్యకండి. సేవ్ చేస్తే ఏ పేరాకి ఏ ఫాంట్ ఉందో ఆ గుర్తు పోవచ్చు, రెండు భాషల కార్డులో అది మళ్లీ వెతుక్కోవడం నరకం.

కొన్నప్పటి సీడీ ఉంటే దాన్నుంచే ఎక్కించండి, అదే సరైన దారి. లేకపోతే పాత సీ ప్రాంతంలో ఫొటోరెక్ (పోయిన ఫైళ్లు తవ్వి తీసే టూల్) నడపొచ్చు, టెస్ట్‌డిస్క్‌తో పాటే అదే ఫోల్డర్‌లో ఉంటుంది. ఫైల్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఎస్ నొక్కితే అన్ని రకాలూ తీసేస్తుంది, టీటీఎఫ్ (ఫాంట్ ఫైల్ రకం) ఒక్కటి టిక్ పెట్టి బీ నొక్కి సేవ్ చెయ్యండి. లేకపోతే లక్ష ఫైళ్లు తవ్వి పోస్తుంది. వచ్చినవాటికి పాత ఫైల్ పేర్లుండవు, ఎఫ్ తర్వాత అంకెలతో మొదలవుతాయి. దిగులు పడొద్దు, ఒక్కోదాన్ని రెండుసార్లు క్లిక్ చేస్తే పైన ఫాంట్ అసలు పేరు కనపడుతుంది, అది ఫైలు లోపలే రాసి ఉంటుంది. విండోస్ సొంత ఫాంట్లు కూడా కలిసి వస్తాయి, పేరు చూసి ఏరుకోండి. 43 శాతం కాపీ కింద పడిపోయినవి మాత్రం రావు.

దొరికిన ఫాంట్లు ఎస్ఎస్‌డీ ల్యాప్‌టాప్‌లో పెట్టి ఒక కార్డు తెరవండి. తెలుగు వైపు వత్తులూ, ఒడియా వైపు జుక్తాక్షరాలూ (సంయుక్తాక్షరాలు) సరిగ్గా కుదిరాయో పాత ప్రింటు పక్కన పెట్టుకుని చూడండి. అదే ఫాంట్ పేరుతో వేరే వెర్షన్ ఎక్కితే మామూలు అక్షరాలు సరిగ్గానే ఉండి వత్తులే తారుమారవుతాయి. ఆ పాత హార్డ్ డిస్క్‌ని ఫాంట్లు పూర్తిగా దొరికేదాకా ఫార్మాట్ చెయ్యకండి.